యాత్రయా, పరుగుపందెమా?

ప్రయాణము వేఱు, దూరము దాటుట వేఱు. బండిలో వేసిన ధాన్యపుబస్తా కూడ దూరము దాటును. కాని అది యాత్ర చేసినదని ఎవ్వరును అనరు. మన గృహస్థులు ఏటేట కుటుంబసమేతముగ చేయుచున్న బస్సుయాత్రలను చూడగా మనము ఆ బస్తా స్థితికి దిగుచున్నామని నాకు తోచుచున్నది. ఈ మాట కొందఱికి కష్టము కలిగింపవచ్చును. కలిగింపవలెననియే వ్రాయుచున్నాను.

ఒక కార్తికమాసపు ఉదయమున నేను మందసలో వాసుదేవపెరుమాళ్ల ఆలయప్రాంగణమున కూర్చుండియుంటిని. కళింగ శిల్పరీతిని కట్టిన ఆలయమది. దాని శిఖరమును చూచినవారికి భువనేశ్వరము జ్ఞప్తికి వచ్చును. చిరకాలము శిథిలమై పడియుండి, ఇటీవలి దశాబ్దములలో పునరుద్ధరింపబడినది. ఎండ ఇంకను శిఖరముమీదనే యుండెను, నేలకు దిగలేదు. అంతలో ఒక పెద్ద బస్సు వచ్చి నిలిచెను. దానినుండి నలుబదిమందికి పైగా దిగిరి. వెంటనున్న మార్గదర్శి చేతిగడియారము చూచుకొని, "ఇరవై నిమిషాలండీ! ఇరవై నిమిషాలు! మధ్యాహ్నానికి అరసవల్లి అందుకోవాలి!" అని కేకవేసెను. జనులు పరుగెత్తిరి. దర్శనము చేసిరి, తీర్థము పుచ్చుకొనిరి, గోడకు వీపు చేర్చి ఫొటోలు తీసికొనిరి. గోడవైపు ముఖము త్రిప్పినవారు బహు స్వల్పము. నేను లెక్కపెట్టితిని: ముగ్గురు. అందులో ఇద్దఱు పిల్లలు.

బస్సువద్ద మాత్రము ఒక ముదుసలి యిల్లాలు ఎక్కడికిని కదలక, గ్యాసుపొయ్యి, గిన్నెలు, కూరల సంచులు ముందు పెట్టుకొని కూర్చుండెను. "అమ్మా! తమరు లోపలికి వెళ్లరా?" అని అడిగితిని. "ఎవరో ఒకరు సామాను చూడాలి కదా బాబూ! ఇప్పటినుంచి కూరలు తరుక్కుంటే గాని మధ్యాహ్నానికి వంట అవదు" అనెను. ఎన్నవ రోజని అడుగగా ఐదవ రోజనియు, ఏ యే యూళ్లు చూచితిరని అడుగగా, కొంచెము నవ్వి, "ఊళ్లన్నీ బస్సు వెనక్కాల్నే ఉన్నాయి బాబూ" అనియు చెప్పెను.

ఆ మాట నన్ను నేటికిని విడువలేదు. ఐదు దినములు, పది దేవాలయములు, వందలకొలది మైళ్లు. ఆమె చూచినది మాత్రము పొయ్యి. ఇంట వండిన చేతులే యాత్రలోను వండినచో, ఇంటికిని యాత్రకును భేదమేమి? పొగ వేఱు చెట్టుక్రింద లేచుటయేనా? పురుషునకు విశ్రాంతియు, స్త్రీకి స్థలము మాఱిన చాకిరియు కలిగించు ప్రయాణమునకు యాత్రయని పేరు పెట్టుట భాషకే అపచారము.

ఇట్టి బృందములు తమ వంట తామే చేసికొనుటకు కారణమేమని విచారించితిని. ఖర్చు తగ్గునని కొందఱనిరి. శుచి యని కొందఱనిరి. వెనుకటి కాలమున "ఏ కులమువారి చేతివంట" అని బాహాటముగ అడిగెడివారు. నేడు ఆ ప్రశ్నయే "శుచి"యను ముసుగు వేసికొని బస్సెక్కినది. మందసలో ప్రసిద్ధమైన పాలకోవా కొని తినుటకు అడ్డము రాని శుచి, ఆ యూరి యిల్లాలు వండిన అన్నము తినుటకు ఏల అడ్డము వచ్చుచున్నది? పొరుగూరి అన్నము తినని వాడు పొరుగూరికి పోలేదు. తన యింటి వసారానే చక్రములపై పెట్టుకొని త్రిప్పుచున్నాడు.

ఇది ఒక ప్రక్క. ఇక రెండవ ప్రక్క చూతము. సంపన్నులైన మనవారు ఫ్రాన్సు దేశమునకు పోయి, అచ్చట తీరికగా నడచు బస్సులలో వారము పదిదినములు పల్లెసీమలు తిరిగివచ్చుచున్నారు. లువారు నదీతీరపు కోటలు, ద్రాక్షతోటలు, రాతియిండ్ల గ్రామములు, వారపుసంతలు చూచివచ్చి, "ఆహా! వారి పల్లెలు ఎంత అందముగ నుంచుకొన్నారు! ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క జున్ను!" అని పొగడుచున్నారు. పొగడుట తప్పు కాదు. అన్యదేశమును చూచి మెచ్చుకొనగల హృదయము మంచి హృదయమే. కాని ఆ పల్లెలో ఒక పూట కూర్చుండి జున్ను ఎట్లు చేయుదురో అడిగి తెలిసికొనిన మహాశయుడే, పలాసమీదుగా రైలులో పోవుచు జీడిపప్పు పొట్లము కొని, ఆ పప్పు ఎవరి చేతులమీదుగ వచ్చినదని ఒక్క ప్రశ్నయైనను వేయడు. ఫ్రెంచివారు మనకు ఎఱుగని జనము కాదు; యానాములో 1954 వఱకు మన ప్రక్కయింటిలోనే యుండిరి. వారినుండి నేర్వవలసినది జున్ను రుచి మాత్రమే కాదు.

ఏమి నేర్వవలెను? ఫ్రాన్సు పల్లెలు ఊరక అందముగ మిగిలిపోలేదు. 1834లో ప్రాస్పెర్ మెరిమే యను రచయిత చారిత్రక కట్టడముల తనిఖీ అధికారియై, దేశమంతయు తిరిగి, కూలుచున్న దేవాలయములను, గోడలను పట్టికలకెక్కించెను. 1936లో అచ్చటి ప్రభుత్వము పనివారికి ఏటికి రెండు వారములు జీతముతో కూడిన సెలవు చట్టముచే ఇచ్చెను; అంతవఱకు ధనవంతుల సొత్తైన తీరిక, కూలివానికిని హక్కైనది. 1950 తర్వాత రైతులు తమ యిండ్లలో గదులు బాగుచేసి యాత్రికులకు అద్దెకిచ్చు ఏర్పాటు వ్యాపించెను. 1982లో చిన్న గ్రామములు, రెండువేల జనాభాకు మించనివి, అందమైన గ్రామముల సంఘముగ ఏర్పడినవి. 1984నుండి ప్రతి సెప్టెంబరులోను చారిత్రక భవనముల తలుపులు ప్రజలకు తెఱచు ఉత్సవమొకటి ఆరంభమైనది. దీనినిబట్టి తేలునదేమి? ముందు చట్టము, ముందు శ్రద్ధ, ముందు గ్రామస్థుల పూనిక. బస్సు వచ్చినది ఆ వెనుకనే. మనము బస్సును మాత్రము తెచ్చుకొంటిమి.

"ఫ్రాన్సులో చూచుటకున్నది, మన యుద్దానములో ఏమున్నది?" అని అడుగుదురు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పకుండ ముందుకు పోరాదు. కాబట్టి కొంచెము నిదానముగ చెప్పెదను.

ఉద్దానమనగా ఉద్యానమే యని పెద్దలు చెప్పుదురు. ఒక ప్రక్క మహేంద్రగిరి, ఒక ప్రక్క సముద్రము. నడుమ కొబ్బరి, జీడి, పనస తోటలు. అయిదువేల అడుగులకు కొంచెము తక్కువ యెత్తు గల ఆ పర్వతశిఖరము నేడు ఒడిశాలో నున్నది. దాని నీడ మందసపై పడును. పైన పాండవుల పేరిట వెలసిన పురాతన శిలాలయములును, చోళుల విజయశాసనమును గలవు. అచ్చట పుట్టిన మహేంద్రతనయానది బారువవద్ద సముద్రమున కలియును. కొండమీద పుట్టిన నీరు కడలిలో కలియువఱకు ఒక నదిని సాంతముగ వెంబడించి చూచుట ఎంతమందికి లభించిన భాగ్యము? ఇచ్చట రెండు దినములలో చూడవచ్చును. ఆ బారువ యిసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ వచ్చి గ్రుడ్లు పెట్టి పోవును.

టెక్కలికి దాపున రావివలసలో ఎండల మల్లికార్జునుడు వెలసియున్నాడు. ఆ దేవునికి కప్పు లేదు. ఎండకు ఎండుచు, వానకు తడియుచు నుండును. నీడ లేని కూలిజనమునకు అట్టి దేవుడు ఎంత చేరువగ తోచునో, ఆ గుడిముందు ఒక కార్తిక సోమవారమున నిలిచిన గాని తెలియదు. ఆ సమీపముననే నౌపడ ఉప్పుమడులు. సముద్రపు నీరు మడులలోనికి పాఱించి, ఎండకు ఇగురనిచ్చి, తేఱిన యుప్పును పోగులు పెట్టుదురు. మడి గట్టుపై మిట్టమధ్యాహ్నము ఒక పావుగంట నిలుచుండుడు. మన విస్తరిలో చిటికెడుప్పు వెల ఎంతయో అప్పుడు తెలియును. ఆ నౌపడనుండియే 1900లో పర్లాకిమిడి రాజు వేయించిన చిన్న రైలుమార్గము ఉండెడిది. పట్టాల నడుమ వెడల్పు రెండున్నర అడుగులు. 2004లో ఆ చిన్న రైలు ఆగిపోయినది. తర్వాత పెద్ద రైలుమార్గము వచ్చినది. ఆ పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండియే గిడుగు రామమూర్తిగారు కొండలలోని సవరల మాట విని, నేర్చి, వారి భాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. ఎందఱో ఆ కొండలను చూచిరి. ఆయన ఆగి వినెను. తీరికకు ఫలమనగా అది.

తేలినీలాపురమునకు శీతకాలమున గూడబాతులును రంగుల కొంగలును వచ్చి, ఊరి చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని పోవును. గ్రామస్థులు వానిని పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డలవలె చూచుకొందురు. పరుగెత్తు బస్సులలోని మార్గదర్శులు ఈ పక్షులు సైబీరియానుండి వచ్చునని చెప్పి ముందుకు సాగుదురు. ఈ గూడబాతు మన దక్షిణాసియా పక్షియే. మంచుదేశపు చుట్టము కాదు. ఒక పూట నిలిచి అడిగినచో ఈ తప్పు నడువదు. చూచుటకు వ్యవధి లేనివానికి ఏ కథ చెప్పినను చెల్లును.

ఇక పలాస జీడిపప్పు. ఈ జీడిచెట్టు బ్రెజిలునుండి పోర్చుగీసువారి ఓడలమీద పదాఱవ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన అతిథి. నేడు ఉద్దానపు గింజ చాలక ఆఫ్రికానుండియు గింజలు పలాసకు వచ్చుచున్నవి. కాల్చియో ఆవిరిపట్టియో గింజను పగులగొట్టి, పప్పును ఆరబెట్టి, పొట్టు తీసి, పరిమాణమును బట్టి వేఱుచేయుదురు. పొట్లముపై 210, 240, 320 అను అంకెలు మీరు చూచియుందురు. ఒక పౌను బరువునకు సుమారుగ ఎన్ని పప్పులు తూగునో అది చెప్పు లెక్క. అంకె చిన్నదైన కొలది పప్పు పెద్దది. ఈ లెక్క తేల్చు చేతులలో అధికభాగము స్త్రీల చేతులు. గింజ పెంకులోని నూనె చర్మమును కాల్చును. మన పాయసములోని పప్పు తెల్లగ నుండుటకు ఎవరి వ్రేళ్లు నల్లబడుచున్నవో చూచి వచ్చిన గృహిణి, ఆ పాయసమును పూర్వమువలె ఊరక వడ్డింపజాలదు.

ఇప్పుడు నేను చెప్పదలచిన అసలు మాటకు వచ్చుచున్నాను. మందస అనగానే రాజులు, కోట, దేవాలయము అని చెప్పుదురు. మందసకు మఱొక కథ కలదు. 1940 మార్చిలో పలాసలో అఖిలభారత కిసానుసభ మహాసభ జరిగెను. ఆ దినములలో మందస జమీందారీ రైతులు అడవిలో కట్టె కొట్టుకొను హక్కునకై పోరాడుచుండిరి. ఏప్రిల్ 1వ తేదిన గుడారి రాజమణిపురములో, రైతునాయకులను పట్టుకొనవచ్చిన పోలీసులను ఎదిరించి నిలిచిన గున్నమ్మయను రైతుస్త్రీ తుపాకిగుండ్లకు నేలకొరగెను. ఆమెతోబాటు మఱికొందఱును మరణించిరి. ఎనిమిదేండ్ల తర్వాత, 1948లో, మద్రాసు రాష్ట్రమున జమీందారీల రద్దు చట్టము వచ్చెను. నేడు ఆమెను జనులు వీరగున్నమ్మయని తలచుకొనుచున్నారు. రాజు కట్టించిన గోడ వారసత్వమైనప్పుడు, ఆ రాజ్యముననే కట్టెమోపుకై ప్రాణమిచ్చిన స్త్రీ నిలిచిన చోటు వారసత్వము కాదా? ఏ బస్సు అచ్చట ఆగుచున్నది?

"యాత్రలో ఇట్టి విషాదములేల? పుణ్యము కొఱకు పోవువారము" అందురు. పుణ్యమును నేను కాదనను. కాని మన పూర్వులు పుణ్యమునకై పోవునప్పుడు కన్నులు మూసికొని పోలేదు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసిగ నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. తిరుగుప్రయాణమున జగన్నాథముమీదుగ గంజాము, శ్రీకాకుళము దారిని, అనగా మన యీ సీమమీదుగనే నడచివచ్చిరి. కాశికి పోయిన పుణ్యాత్ముడే ఏ యూర ఏ సరుకు దొరకునో, ఏ యేఱు ఎట్లు దాటవలెనో, ఏ జనులు ఎట్లు బ్రదుకుచున్నారో వ్రాసి పంపెను. ఆ వ్రాతలే 1838లో పుస్తకమై వెలువడెను. ఆయన పల్లకిలో కూర్చుండెను, బోయీలు మోసిరి. ఆ పద్ధతి మనకాదర్శము కాదు. కాని కాశీతీర్థముతోబాటు దారిని కూడ ఇంటికి తెచ్చిన గుణము మనకాదర్శము. ఇంకను దగ్గఱి దృష్టాంతము కావలెనా? పెద్దజీయరుస్వామివారు యౌవనమున శ్రీభాష్యము చదువుకొనుటకై గోదావరీతీరమునుండి కాలినడకన మందసకు వచ్చిరని చెప్పుదురు. చదువుకొనుటకు వచ్చినవారు ఇరవై నిమిషములకు రాలేదు.

కొందఱు సహృదయులు మఱొక ఆక్షేపణ చేయుదురు, ఇది బలమైనది. "పేదల చాకిరిని, రోగులను, సమాధులను చూచుటకు బస్సుకట్టుకొని పోవుట క్రూరమైన వినోదము కాదా?" అని. వినోదమునకు పోయినచో క్రూరమే. మూత్రపిండముల వ్యాధి ఉద్దానమును రెండుమూడు దశాబ్దములకు పైగ పట్టి పీడించుచున్నది. ఎందఱో పరిశోధకులు వచ్చి పరీక్షించినను మూలకారణము ఇదమిత్థమని తేలలేదు. 2023 డిసెంబరులో హిరమండలమునుండి త్రాగునీరు తెచ్చు పథకమును, పలాసలో ఆసుపత్రియు పరిశోధనాకేంద్రమును ఆరంభింపబడినవి. ఆ యాసుపత్రి వాకిట ఫొటో తీసికొనుటకు పోదలచినవాడు ఇంటనే యుండుట మేలు. కాని ఆ గ్రామములలో ఒక దినము బసచేసి, వారు పెట్టిన అన్నము తిని, వారు త్రాగు నీటిని గుఱించి వారినోటనే విని వచ్చినవాడు పరాయివాడుగ తిరిగిరాడు. చూచుటలో తప్పు లేదు. కిటికీ అద్దము వెనుకనుండి చూచుటలో తప్పు కలదు.

చూడకుండుటలో గల అపాయమును కూడ ఆలోచింపుడు. ఎవరును చూడని నేలను బంజరని కాగితముపై వ్రాయుట బహు సులభము. సోంపేటవద్ద బీలయను చిత్తడినేల కలదు. చేపలకు, పశువులకు, పైరులకు నీరిచ్చు నేల యది. దానిని పనికిరాని భూమిగ లెక్కించి, బొగ్గుతో విద్యుత్తు తీయు కర్మాగారమునకు ఇచ్చిరి. 2010 జూలై 14న అచ్చట తుపాకులు ప్రేలినవి, ప్రాణములు పోయినవి. తర్వాత ఆ కర్మాగారపు అనుమతులు రద్దయినవి. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి చిత్తడినేలవద్దను అట్లే కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరిచెట్లను లక్షలకొలది కూల్చినది. కొబ్బరిమొక్క నాటిన అయిదాఱేండ్లకు గాని కాపునకు రాదు; ఆ మొక్కలు మరల నిలదొక్కుకొనుచుండగా 2025లో మందస, వజ్రపుకొత్తూరు మండలముల తోటలలో సరుకుల విమానాశ్రయ ప్రతిపాదన వచ్చినది. తోటరైతులు వలదని లేచిరి. ఏది కట్టవలెను, ఏది కట్టరాదు అని నిర్ణయించుట ఈ వ్యాసము పని కాదు. నేననునదేమనగా, విద్యావంతులైన మన గృహస్థులలో ఆ తోటలనీడను ఒక్క పూటయైనను గడపినవారు వేయిమంది యుండినచో, ఆ నేలపై జరుగు చర్చ వేఱుగ నుండెడిది. "అచ్చట ఏమియు లేదు" అని అధికారి వ్రాసినప్పుడు, "నేను చూచితిని, ఉన్నది" అని చెప్పగల సాక్షులు కావలెను. నిదానముగ తిరిగిన యాత్రికుడు దేశమునకు సాక్షి. పరుగెత్తిన యాత్రికుడు టిక్కెట్టునకు మాత్రమే సాక్షి.

"యాత్రికులు విరివిగ వచ్చిన పల్లె చెడును" అనునది ఇంకొక భయము. ఇది నిజము. ఫ్రాన్సులోను కొన్ని అందమైన గ్రామములలో పట్టణవాసులు వేసవియిండ్లు కొనగా, శీతకాలమున తలుపులన్నియు మూసియుండుటయు, ఊరి కుఱ్ఱవానికి తన యూరనే యిల్లు దొరకకుండుటయు కలదు. బారువ యిసుకపై విశ్రాంతిభవనములు కట్టి, వాని దీపముల కాంతికి తాబేళ్లు దారితప్పునట్లు చేయుట నాకును సమ్మతము కాదు. అందువలననే చిన్న బృందములు కావలెననుచున్నాను. కట్టడములు కావలెననుట లేదు. ధర్మసందేహము వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న వేసికొనిన చాలును: మనము వెచ్చించిన రూపాయి ఆ యూర నిలిచినదా, మన వెంటనే బస్సెక్కి తిరిగివచ్చినదా? బియ్యము మనవి, పప్పు మనది, పొయ్యి మనది, వంటమనిషి మన యింటి స్త్రీయే అయినప్పుడు ఆ యూరికి మనము మిగిల్చివచ్చునది ఎంగిలివిస్తళ్లు మాత్రమే.

కాబట్టి విమర్శించి ఊరకుండక, చేయదగినది చెప్పెదను. ఇరువదిమందికి మించని బృందము చాలును. ఆఱు దినములు చాలును. ఈ స్థలములన్నియు ఒక పగటి ప్రయాణమునకు లోపలనే యున్నవి. కనుక బస్సు రోజునకు రెండు గంటలకు మించి నడువ పనిలేదు. రెండు రాత్రులు మందసప్రాంతమున, రెండు రాత్రులు బారువ తీరమున, ఒక రాత్రి టెక్కలిలో బస. ఒక దినము ఆలయమునకును కోటకును, కోట చూచిన మధ్యాహ్నముననే గుడారి రాజమణిపురమునకును. ఒక దినము యజమానుల అనుమతితో జీడిపప్పు కర్మాగారములకు. అచ్చట పనిచేయు స్త్రీలతో, వారికి పని చెడకుండ, వారి తీరికవేళ సంభాషణ. ఒక దినము ఏటివెంబడి. ఒక దినము పక్షులకు, ఉప్పుమడులకు, ఎండల మల్లన్నకు. ఒక దినము తోటలో ఏమియు చేయకుండ కూర్చుండుటకు. ఈ కడపటి దినమును ఎవరును తీసివేయరాదు. సాధారణముగ దానినే మొదట తీసివేయుదురు.

మూడు నియమములు మాత్రము తప్పరానివి. మొదటిది: బృందములోని ఏ స్త్రీయు గరిటె పట్టరాదు. భోజనము ఆ యూరి యిండ్లలో, ఆ యూరివారు చెప్పిన వెలకు కొనవలెను. వండినవారి కులము అడుగరాదు. రెండవది: ఇంటనుండు వృద్ధులను, పసివారిని చూచుకొనుటకు కోడలో, భర్తృహీనయైన ఆడపడుచో ఆగిపోవు ఆచారము మానవలెను, ఎవరైన ఆగవలసివచ్చినచో ఈ యేడు పురుషుడు ఆగుగాక. మూడవది: దారిచూపువాడు, లేక దారిచూపునది, ఆ యూరి మనిషియే కావలెను. చదువుకొన్న పల్లెయువతికి ఆ పని నేర్పి తగిన వేతనమిచ్చినచో, సైబీరియా కథలు తమంతట తామే ఆగిపోవును.

"తీరిక ధనవంతులది, కూలినాలి చేయువారికి ఆఱు దినములెక్కడివి?" అని ఎవరైన అడిగినచో, ఆ ప్రశ్నకు నేను తలవంచెదను. పప్పు పొట్టు తీయు స్త్రీకి ఏటికి ఆఱు దినములు జీతముతో సెలవు లేనంతకాలము మన తీరికయంతయు కొంత అప్పుగ తెచ్చుకొన్నదే. 1936లో ఫ్రాన్సు పనివారు సాధించుకొన్నది అదియే. కాబట్టి పలాస కర్మాగారమును చూచివచ్చిన గృహస్థుడు తన యింట పనిచేయు మనిషికి ముందు ఆఱు దినములు సెలవిచ్చి, ఆ దినముల జీతము చేతబెట్టి, తర్వాత తన యాత్రావిశేషములు చెప్పుకొనుగాక. పరదేశముయొక్క మర్యాదలను మెచ్చుటకంటె వాని న్యాయమును ఇంటికి తెచ్చుట కష్టము; అందువలననే ఆ పని చేయవలెను.

రైలుదారి మందస ఊరిని తాకక దూరముగ పోవుచున్నది. స్టేషనునకు మందసరోడ్డు అని పేరు. పెద్ద బండ్లు అచ్చట ఆగక సాగిపోవును. కిటికీవద్ద కూర్చున్నవారు ఆ పేరు చదువుటకు పూర్వమే అది వెనుకకు పోవును. మన చదువుకొన్న కుటుంబములకును ఈ సీమకును నడుమనున్న సంబంధము నేటివఱకు ఇంతమాత్రమే. దానిని మాఱ్చుటకు ప్రభుత్వపు ఉత్తరువు అక్కఱలేదు. రాబోవు శీతకాలమున దిగవలసిన చోట దిగుట చాలును. ఆ దినమున మొదట దిగవలసినవారు, ఇన్నాళ్లును సామాను కాచుచు బస్సువద్ద కూర్చుండిన ఆ ముదుసలి తల్లి.